జల్లెడ ముక్కలు

గరిటెడు పిండి ఇనప పలక మధ్యలో పడగానే చుయ్యిమంది. అప్పాల తాత పైపలక దించి పిడిని రెండు చేతులతో అదిమిపట్టాడు. నాలుగు వైపుల నుంచీ ఆవిరి బుస్సున లేచి కళ్లద్దాలను కమ్మేసింది, అయినా తుడుచుకోలేదు. అది చూసి చేసే పని కాదు, విని చేసే పని. ఆవిరి చప్పుడు సన్నబడితే రొట్టె అయినట్టు, పూర్తిగా ఆగిపోతే మాడినట్టు.

గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు లేదు, నూనె చుక్క లేదు. గుడి వెనక, జనరేటర్‌కీ సైకిల్ స్టాండుకీ మధ్య ఇరుక్కున్న రేకుల గదిలో, కాగితమంత పల్చగా, మీద చిన్నచిన్న సిలువ గుర్తులతో ఆ తెల్లటి రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వేడివేడిగా కోస్తే పెళుక్కుమని విరిగిపోతాయి కాబట్టి ఒక రాత్రి తడిబట్టల మధ్య పడుకోబెట్టాలి. మర్నాడు గొట్టంలాంటి కత్తితో టక్ టక్‌మని గుండ్రంగా కోస్తే, కోసినవి డబ్బాలోకి, డబ్బా గుడిలోని పీఠం మీదకి. పూజలో ఫాదర్ గారు వాటినే ఆశీర్వదించి దివ్యసత్ప్రసాదంగా, అంటే క్రీస్తు శరీరంగా, అందరికీ ఇస్తారు. ఇక్కడ మిగిలేది ఒళ్లంతా చిల్లులు పడ్డ రొట్టె. దానికి పిల్లలు పెట్టిన పేరు జల్లెడ.

శనివారం పిల్లల సత్యోపదేశం క్లాసు వదలగానే కిటికీ నిండా చేతులే. తాత దగ్గర ధర ఖాయం. పరలోక జపం తప్పుల్లేకుండా చెబితే అరచెయ్యంత ముక్క, మంగళవార్త జపానికి అందులో సగం, విశ్వాస సంగ్రహం మొదటి నుంచి చివరిదాకా చెప్పినవాళ్లకి జల్లెడ మొత్తం. అందులో పోంతి పిలాతు పేరు దగ్గరికి వచ్చేసరికి తడబడేవాళ్లే ఎక్కువ. జల్లెడ గెలిచినవాళ్లు ముందు దాన్ని ముఖానికి ఆనించుకుని చిల్లుల్లోంచి మిగతావాళ్లను వెక్కిరించి, ఆ తర్వాతే తినేవాళ్లు.

ఎక్కువసార్లు గెలిచేది ఆయన మనవరాలే. పిల్లలు దాన్ని మైకు అంటారు. అది జపం మొదలుపెడితే సైకిల్ స్టాండులో పావురాలు లేచిపోతాయి.

రేపు ఆ మైకు మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే రోజు. ఇవాళ సాయంత్రం ఫాదర్ గారి దగ్గర పరీక్ష. పొద్దుటి నుంచీ తాతకు ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. గ్యాస్ అనుకున్నాడు, మధ్యమధ్యలో రుద్దుకుంటూ పిండి కలుపుతూనే ఉన్నాడు.

చిన్న సిస్టర్ గుమ్మంలో నిలబడి తలుపు మీద వేలితో కొట్టింది. పిల్లల క్లాసులు ఆవిడవే. కొత్తగా ఇంటి దీపం అని ఒక కార్యక్రమం పెట్టింది, సాయంత్రాలు తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని ఒక పాఠం చెప్పాలి, శనివారాలు వాళ్లు కూడా క్లాసుకి రావాలి.

"తాతా, ఒక విషయం. మీరు కోప్పడకూడదు."

"నాకు కోపం తెప్పించే వయసు మీకింకా రాలేదులెండి."

ఆవిడ నవ్వింది కానీ లోపలికి రాలేదు. "దర్జీ వాళ్ల బాబు ఇంట్లో పూజ ఆట ఆడాడంట. మీరిచ్చిన ముక్కలు తమ్ముడి నోట్లో పెడుతూ క్రీస్తు శరీరం, క్రీస్తు శరీరం అంటున్నాడంట. వాళ్లమ్మ ఏడుస్తూ వచ్చింది."

"ఆట కదమ్మా."

"మొదట నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత క్లాసులో అడిగితే సగం మంది ఆట కాదంటున్నారు."

ఆమె వెళ్లిపోయాక కూడా ఆ మాట గుమ్మంలోనే నిలబడి ఉంది. పలక మీది రొట్టె మాడింది.

తను పనిచేసే బిస్కెట్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు పాత ఫాదర్ గారు పిలిచి ఈ పలకలు అప్పగించారు. అప్పటికే భార్య పోయింది, కూతురు చిన్నది. ఆ కూతురు పెద్దదై దేవుణ్ణే నమ్మని ఏసీ మెకానిక్‌ను పెళ్లి చేసుకుంటానంది. రిజిస్ట్రార్ ఆఫీసులో వాళ్లు సంతకాలు పెడుతున్నప్పుడు ఆయన ఇదే స్టూలు మీద కూర్చుని రొట్టె మీద రొట్టె కాలుస్తూ ఉన్నాడు. ఆ రోజువన్నీ మాడాయి. పారేయడానికి మనసొప్పక అన్నీ తనే తిన్నాడు. తర్వాత కొన్నేళ్లు మాటల్లేవు. ఒక మధ్యాహ్నం కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని ఇదే గుమ్మంలోకి వచ్చి, "సాయంత్రం దాకా చూసుకో నాన్నా, ఇద్దరం పనిలోనే ఉంటాం. కోపం నా మీదే కదా, దీని మీద కాదు కదా," అంది. జ్ఞానస్నానం చేయిస్తానని ఈయన అడిగితే అల్లుడు కాదనలేదు. "నీళ్లే కదా మామయ్యా, జలుబు చేయకుండా చూడండి," అన్నాడు. మాటలు మళ్లీ అక్కడ మొదలయ్యాయి.

జపానికింత ముక్క అన్న సంగతి తెలిసినప్పుడు కూడా అల్లుడు నవ్వాడు. "దేవుడి దగ్గర కూడా లంచమేనా మామయ్యా." తాత కూడా నవ్వాడు. ఇప్పుడు పిండి కలుపుతుంటే ఆ మాట గుర్తొచ్చి నవ్వు రాలేదు.

సాయంత్రం ఫాదర్ గారి గది ముందు పిల్లలు, పక్కన తల్లో తండ్రో. కూతురికి షాపులో స్టాక్ చెకింగ్. అల్లుడు రాడేమోనని తాత గేటు వైపే చూస్తున్నాడు. వచ్చాడు, పనిలోంచి నేరుగా, చేతులకు గ్రీజుతో. కుర్చీలో కూర్చుంటే ఎక్కడ మరక అంటుతుందోనని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాత గుమ్మం బయటే ఆగిపోయాడు.

మైకు జపాలన్నీ చెప్పింది. పిలాతును కూడా ఆగకుండా దాటేసింది. ఫాదర్ గారు చెవి రుద్దుకుంటూ నవ్వారు.

"సత్ప్రసాదం అంటే ఏంటమ్మా?"

"క్రీస్తు ప్రభువు శరీరం ఫాదర్."

"మరి మీ తాత కిటికీలోంచి ఇచ్చేది?"

"అదీ అదే ఫాదర్."

"అదెలా?"

ఇంత తేలిక సంగతి ఫాదర్ గారికి తెలియకపోవడమేంటన్నట్టు పిల్ల ఆయన్ను చూసింది. "రెండూ మా తాతే చేస్తాడుగా. ఒకే పిండి. గుండ్రంగా కోసినవి మీకు, మిగిలినవి మాకు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఫాదర్ గారు నవ్వలేదు. "అయితే రేపు కొత్తగా ఏం జరుగుతుంది?"

"కొత్త గౌను ఫాదర్."

ఫాదర్ గారు పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఇది నీ తప్పు కాదు," అని అల్లుడి వైపు తిరిగారు. "తెలియకుండా ఇవ్వకూడదు బాబూ. వచ్చే ఏడాది చూద్దాం."

తాత తలుపు చెక్క పట్టుకున్నాడు. ఆ తప్పు ఎవరిదో ఆయనకు చెప్పాల్సిన పనిలేదు.

"ఫాదర్, ఒక మాట," అన్నాడు అల్లుడు. "క్లాసులకి తల్లిదండ్రులు రావాలన్నారు. నేను రాలేదు. పనుండి రాలేదు, నిజం చెప్పాలంటే పని లేనప్పుడూ రాలేదు. దానికి పాపకెందుకు శిక్ష? ఇవాళ ఇంట్లో కూర్చుని నేను చెప్తాను. రేపు పూజకి ముందు ఇంకోసారి అడగండి."

"మీరు నమ్మరు కదా."

"నమ్మను. మీరేం నమ్ముతారో చెప్పడానికి నమ్మక్కర్లేదు కదా ఫాదర్."

పక్కనే నిలబడ్డ చిన్న సిస్టర్ ఫాదర్ గారి వైపు చూసింది. ఆయన తలూపారు.

రేకుల గదిలో అల్లుడు పిండి బస్తా మీద కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పండి మామయ్యా. మాటైతే ఇచ్చేశాను, నాకేమో ఓనమాలు కూడా రావు. పిండి అదే, నీళ్లు అవే. అక్కడికి వెళ్లాక మారేదేంటి?"

తాత నోరు తెరిచాడు. పిల్లల చేత వందసార్లు చెప్పించిన వాక్యాలన్నీ నాలుక మీదకి వచ్చాయి. అవి కిటికీ దగ్గర చెప్పే మాటలు. చెబితే ముక్క ఇచ్చే మాటలు. ఎదురుగా నిజంగా తెలుసుకోవాలని కూర్చున్న మనిషికి అవి చెప్పడానికి సిగ్గేసింది.

"నాకు చెప్పడం రాదు బాబూ," అన్నాడు చివరికి. "కోసి డబ్బాలో వేసేదాకా నావి. చేత్తో తీస్తాను, విరిగితే నోట్లో వేసుకుంటాను. ఒకసారి పూజలో ఒకటి కింద పడింది, సరిగ్గా నా కాళ్ల దగ్గర. నేను చేసిందే. వంగి తీయడానికి చెయ్యి రాలేదు. వణికింది. ఫాదర్ గారే వచ్చి తీసుకున్నారు. ఎందుకు వణికిందంటే ఏం చెప్పను? నాకు తెలిసిందల్లా ఆ వణుకే."

అల్లుడు గ్రీజు చేతులను చూసుకుంటూ కూర్చున్నాడు. "ఇది చెప్పొచ్చు," అన్నాడు నెమ్మదిగా.

"పిల్లలకి నేనిది చెప్పలేదు. ముక్కలు పెట్టాను, అంతే. ముక్కల కోసమే వచ్చారేమో అందరూ."

ఎప్పట్లా అల్లుడు ఒక హాస్యమాడితే బాగుండునని తాతకు అనిపించింది.

అంతలో కిటికీ అవతల మైకు మొదలైంది. విశ్వాస సంగ్రహం, మొదటి నుంచి చివరిదాకా, ఎప్పటికన్నా గట్టిగా. ఆమెన్ అనగానే చెయ్యి లోపలికి వచ్చింది.

"ఇవాళ వద్దమ్మా," అన్నాడు తాత.

"తప్పు లేకుండా చెప్పాను."

"చెప్పావు."

"పిలాతు దగ్గర కూడా ఆగలేదు."

"ఆగలేదు."

"మరి?"

తాత బల్ల మీది పిండి తుడవసాగాడు. కిటికీలో చాపిన వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. "నువ్వు కూడా ఫాదర్ గారి జట్టే," అని చెయ్యి వెనక్కి తీసుకుంది. వెళ్లి నాన్న స్కూటర్ ఎక్కి గేటు వైపు ముఖం పెట్టి కూర్చుంది. అల్లుడు స్కూటర్ తీసి మలుపు తిరిగేదాకా తాత చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. పిల్ల వెనక్కి చూడలేదు.

రేపటి అప్పాలన్నీ కోసేశాడు. డబ్బా నింపి, సిస్టర్ చేతికిచ్చి, తిరిగొచ్చి పలకల స్విచ్ ఆపాడు. బల్ల మీద జల్లెడలు మిగిలాయి. ఒకదాన్ని తీసి చిన్న ముక్కలు చేసి కాగితంలో చుట్టాడు. మళ్లీ విప్పాడు. ఇవ్వొచ్చో ఇవ్వకూడదో తేలలేదు. మళ్లీ చుట్టి దారంతో కట్టి, చేతికందేంత దూరంలో పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా అంతా చెమట. ఎడమ చెయ్యి బరువుగా ఒళ్లో పెట్టుకుని గోడకు తల ఆనించాడు. పలకలు చల్లారుతూ టిక్కు టిక్కుమంటున్నాయి, రానురాను ఎడం ఎక్కువై, ఒకచోట ఆగిపోయాయి.

గేటు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ బయటి నుంచే పిలిచాడు. లోపలికి వచ్చి ఇంకోసారి పిలిచాడు. తర్వాత పిలవకుండా ఫాదర్ గారి గది వైపు నడిచాడు.

ఆదివారం పొద్దున గుడి పక్క మీటింగు హాల్లో తండ్రి శవం పక్కన కూర్చున్న కూతురు, పిల్లకు కొత్త గౌను తొడిగి భర్తతో అంది, "తీసుకెళ్లు. నాన్న ఎదురుచూసింది దీనికే." పూజకు ముందు ఫాదర్ గారు వాళ్లను చూసి ఏమీ అడగకుండానే వరుసలో నిలబెట్టబోయారు.

"అడగండి ఫాదర్," అంది పిల్ల. "నాన్న చెప్పాడు."

ఆయన డబ్బాలోంచి ఒక అప్పం తీసి చూపించారు. "ఇది ఎవరు చేశారమ్మా?"

"మా తాత."

"పీఠం మీదకి వెళ్లాక?"

ఆ గొంతు అంత చిన్నగా పలకడం అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. "తాతది కాదు. దేవుడిది. ముట్టుకోవాలంటే తాతకి కూడా చెయ్యి వణికేదంట."

ఫాదర్ గారు అప్పాన్ని మళ్లీ డబ్బాలో పెట్టారు. పిల్లను వరుసలో నిలబెట్టారు.

అల్లుడు చివరి బెంచీలో కూర్చుని అంతా చూశాడు. పిల్ల చేతులు జోడించుకుని తిరిగొచ్చి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది, కళ్లు మూసుకుంది, చాలాసేపటికి తెరిచింది. "అదే రుచి నాన్నా," అని అతని చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ మాటకు ఏం చెప్పాలో మామయ్యను అడిగి రావడానికి లేదు.

సోమవారం గది ఖాళీ చేయడానికి అతనే వెళ్లాడు. పలకల వైరు ప్లగ్గులోంచి తీసి చుట్టాడు, తడిబట్టలు తీగ మీద ఆరేశాడు. బల్ల మీద పొట్లం కనిపించింది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, కదిపితే లోపల ముక్కలు గలగలమన్నాయి. పాపకో, కిటికీ దగ్గరికి వచ్చే అందరికో, ఎవరికీ కాదో తెలియక మళ్లీ అక్కడే పెట్టేసి తలుపు మూశాడు. బల్ల మీద పొట్లం, దాని చుట్టూ తెల్లదారం, పిల్లలు ఒక్క లాగుతో విప్పుకునేలా వేసిన ముడి.