కారి తీరాల్సిన పైపు

ఇరవై రెండేళ్ళుగా కారే పైపులు బాగుచేసి పొట్ట పోసుకుంటున్న ప్లంబరుకి, సొంత పెరట్లో పనిగట్టుకుని కారే పైపు బిగించాల్సి రావడం కంటే ఖర్మ ఏముంటుంది? అదీ ఎవరికోసం? మామగారి ఊసరవెల్లుల కోసం.

గడియారాలు బాగుచేసే పని మానేసి కూతురింటికి వచ్చిన పెద్దాయన, ఒక ట్రంకుపెట్టె, రెండు ఊసరవెల్లులు వెంట తెచ్చుకున్నాడు. వాటికి ఎండ కావాలన్నాడు. సరే కదా అని అల్లుడు పెరట్లో ఆరడుగుల చట్రం నిలబెట్టి, చుట్టూ సన్నజాలీ కొట్టి, పైన సగానికి నీడగుడ్డ కప్పి, లోపల మందారం కుండీలు పెట్టాడు. ఆరేసిన తువ్వాలు పావుగంటలో అట్టముక్కయ్యే ఊరది. వారం తిరక్కుండానే ఆడ ఊసరవెల్లి కళ్ళు లోపలికి పోయాయి.

"గిన్నెలో నీళ్ళు ఇది ముట్టదు. ఆకుల మీద చుక్కలు పడుతుంటేనే తాగుతుంది. రెండు రోజుల్లో తాగకపోతే మాత్రం కష్టం" అన్నాడు పశువుల డాక్టరు.

అల్లుడు తిట్టుకుంటూనే బోను మీదుగా పైపు లాగి, చుక్క చుక్క పడేలా వాల్వు తిప్పి పెట్టాడు. గంట తర్వాత చూస్తే వాల్వు కట్టేసి ఉంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కట్టేసి ఉంది. సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చింది.

"మామయ్యా, దాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను కట్టలేదు బాబూ."

"మరి దెయ్యాలొచ్చి కట్టాయా? కట్టేసి మర్చిపోయుంటారు."

పెద్దాయన మర్నాడు పొద్దున కూతుర్ని పక్కకి పిలిచి, "నిన్న నేను స్నానం చేశానా అమ్మా?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం ప్లంబరు ఎవరి స్నానాలగది గురించో ఫోన్లో విసుక్కుంటూ పెరట్లో తిరుగుతున్నాడు. తీగ మీద ఆరిన బట్టలు తీస్తున్న భార్య ఆగిపోయింది.

"ఏం చేస్తున్నారు?"

"కనబడ్డం లేదా, ఫోన్లో ఉన్నా."

"ఫోను సంగతి కాదు. ఆ రెండో చెయ్యి ఏం చేస్తోందో చూసుకోండి."

చూసుకున్నాడు. చెయ్యి వాల్వు మీద ఉంది. గట్టిగా బిగించేసి మరీ ఉంది. చుక్క పడే చప్పుడు చెవిన పడితే చాలు, ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళిపోతోంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

వాల్వు తెరిచి, దాని పిడి ఊడబీకి జేబులో వేసుకున్నాడు. చుక్కలు పడ్డాయి. పది నిమిషాలకి ఆడ ఊసరవెల్లి మెల్లగా ఆకు దగ్గరకొచ్చి నోరు తెరిచింది. తాగింది.

పెద్దాయన కూడా అక్కడే నిలబడి ఉన్నాడు.

"మామయ్యా, కట్టేసింది నేనే. అన్నిసార్లూ నేనే. మీరు కాదు."

పెద్దాయన ఊసరవెల్లి వంక చూడటం లేదు.

"నేను కాదా?"

"కాదు."

"ఇంకొక్కసారి చెప్పు బాబూ" అన్నాడు.