పది నిమిషాల పేజీ

థోర్న్‌బెక్‌లో జనవరి వచ్చిందంటే పొగమంచు కాలవలోంచి లేచి, టౌన్‌హాలు మెట్లెక్కి, తలుపు తీసి ఉంటే మీటింగులోకి కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ రోజు ఎవరో తలుపు తీసే ఉంచారు.

గదిలో నాలుగు బల్లలు. ఊళ్ళో బళ్ళలో పిల్లలకి మతాల గురించి ఏం చెప్పాలో, చెప్పేది సరిగ్గా చెబుతున్నారో లేదో చూసే మండలి అది. ఒక బల్ల ఇంగ్లండు చర్చిది, ఒకటి టీచర్లది, ఒకటి కౌన్సిలర్లది. మిగిలిన మతాలూ శాఖలూ అన్నీ నాలుగో బల్ల చుట్టూ మోచేతులు తగిలించుకుంటూ ఇరుక్కుని కూర్చోవాలి. బల్లకి ఒక్కటే ఓటు. ఐదేళ్ళకోసారి పాఠాల పుస్తకం తిరగరాసేటప్పుడు నాలుగు బల్లలూ ఒక్కమాట మీదకి రావాలి. ఏ ఒక్కటి కాదన్నా పుస్తకం అచ్చుకి వెళ్ళదు.

ఆ నాలుగో బల్ల మూల ఎనిడ్ గార్త్‌వైట్ స్థానం. డెబ్బై ఎనిమిదేళ్ళు. నలభయ్యేళ్ళపాటు పియానోలు శ్రుతి చేసి బతికింది. ఊళ్ళో ఏ బడి పియానోలో ఏ మెట్టు మూగదో ఇప్పటికీ చెప్పగలదు. క్వేకర్లనే చిన్న క్రైస్తవ శాఖ తరఫున వస్తుంది. వాళ్ళ ప్రార్థనలో ఫాదరీ ఉండడు, పాట ఉండదు. గుండ్రంగా కూర్చుని ఊరికే వింటారు. లోపల మాట పండితే ఎవరో ఒకరు లేచి చెబుతారు, పండకపోతే ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఎంత పెద్దవాళ్ళ పేరుకైనా ‘గారు’ తగిలించరు. ఒకప్పుడు అరవై మంది కూర్చున్న వాళ్ళ ప్రార్థన గదిలో ఇప్పుడు మిగిలింది ఐదుగురు. అందులో ఒకాయనకి చెవుడు. నిశ్శబ్దానికి దానివల్ల లోటేమీ లేదనుకోండి.

పాత పుస్తకంలో నలభై ఒకటో పేజీ ఎనిడ్ది. ఇరవయ్యేళ్ళ కిందట పోట్లాడి పెట్టించింది. ‘నాలుగో తరగతి పిల్లలు పది నిమిషాలు మాట్లాడకుండా కలిసి కూర్చోవాలి. తర్వాత ఎలా అనిపించిందని ఎవరూ అడగకూడదు.’ పేజీ మొత్తం అంతే. ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ జన్మలో ఒక్కసారైనా ఆ పది నిమిషాలు దక్కాలని ఆమె కోరిక. తామైదుగురూ పోయాక ఊళ్ళో తమ గుర్తుగా మిగిలేది ఆ పేజీ ఒక్కటే.

టీచర్ల బల్ల నుంచి టామ్సిన్ ఓరెల్ లేచింది. ముప్ఫై దాటని పిల్ల, కళ్ళ కింద నల్లటి చారలు. “ప్రతి పేజీకీ కింద ఒక గడి ఉంది. పిల్లలు నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది, అని. ఈ పేజీలో ఆ గడి ఇరవయ్యేళ్ళుగా ఖాళీ. ఇన్‌స్పెక్టర్లు వచ్చి అడిగితే తల ప్రాణం తోకకొస్తోంది. ఊరుకున్నందుకు మార్కులు ఎలా వెయ్యమంటారు?” అంది.

అధ్యక్షుడు క్లిఫర్డ్ ఓగ్డెన్‌కి ఏ మీటింగైనా నాలుగింటికి ముగియాలి. “పేజీ తీసేద్దాం. నాలుగో బల్లకి అభ్యంతరమా?” అన్నాడు.

ఎనిడ్ కళ్ళు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటు. అడగ్గానే జవాబు విసరడం వాళ్ళలో మోటుతనం. మాట ఎక్కడో లోతుల్లో కదిలింది. ఆమె దానికోసం ఆగింది. అది నెమ్మదిగా పైకి వస్తోంది, ఇంకాస్త, ఇంకాస్త. తీరా కళ్ళు తెరిచేసరికి అందరూ నలభై నాలుగో పేజీలో ఉన్నారు.

పక్కనున్న యాకూబ్ దాదాభాయ్ ఆమె వైపు వంగాడు. మసీదు తరఫు మనిషి, బస్సు నడిపి రిటైరయ్యాడు. “ఏంటక్కా, అలా ఊరుకున్నావు?”

“ఊరుకోలేదు యాకూబ్. వింటున్నాను.”

“నా తల్లే! దాన్ని వాళ్ళు ఒప్పుకోవడం కింద రాసేసుకున్నారు.”

ఎనిడ్ ప్రాణం చివుక్కుమంది. చెయ్యెత్తింది. ఓగ్డెన్ గడియారం చూపించాడు. “మార్చిలో ఆఖరి సంతకాలు కదండీ, అప్పుడు చెబుదురుగాని.”

మండలి సభ్యులు ఏడాదికోసారి ఏదో ఒక తరగతికి వెళ్ళి, పాఠం చూసి, ఫారం నింపాలి. ఫిబ్రవరిలో ఎనిడ్ వంతు వచ్చింది. చూడబోతే అది టామ్సిన్ చెప్పే నాలుగో తరగతి. టామ్సిన్ గుమ్మంలోనే నీళ్ళు నమిలింది.

“మీ మీద కోపంతో అనలేదండీ ఆ రోజు. పేజీ ఇంకా పోలేదు కదా, ఈసారికి మీరే చేయించండి.”

పెద్ద హాల్లో ముప్ఫై మంది పిల్లలు నేలమీద గుండ్రంగా కూర్చున్నారు. మూలన పాత పియానో. టామ్సిన్ పిల్లల కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఇంట్లో పళ్ళొస్తున్న పసివాడు ఉన్నాడట. వాడు రాత్రుళ్ళు ఎవరినీ పడుకోనివ్వడట.

మొదటి రెండు నిమిషాలూ కిసుక్కులు, తుమ్ములు, బూట్ల కిర్రులు. తర్వాత ఒక్కొక్కటే సద్దుమణిగాయి. కిటికీలోంచి పలచటి ఎండ వచ్చి నేలమీద పడి, ఒకళ్ళ మోకాలి మీంచి ఇంకొకళ్ళ మోకాలి మీదకి జరగసాగింది. బయట వాన ఆగినా చూరు ఇంకా చుక్కలు రాలుస్తూనే ఉంది. దూరంగా లారీ పోతే పియానో లోపల తీగలు తమంతట తామే సన్నగా మూలిగాయి. ఎప్పుడో తన చేత్తో బిగించిన తీగలు. ఎనిడ్‌కి ఆ హాలు గట్టు వదిలిన పడవలా మెల్లగా ఎటో తేలిపోతున్నట్టనిపించింది. ఎటు పోతోందో తెలుసుకోవాలనిపించలేదు.

పది నిమిషాలయ్యాయి. ఎనిడ్ లేవబోయింది. ఎదురుగా ముందుపళ్ళు ఊడిన పిల్ల, పేరు హెస్టర్, పెదాల మీద వేలు పెట్టుకుని కళ్ళతోనే కుర్చీ వైపు చూపించింది. టామ్సిన్ నిద్రపోతోంది. తల పక్కకి వాలి, నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్ళెరగని నిద్ర.

ఎవరూ చెప్పలేదు. ముప్ఫై మందీ అలాగే కూర్చున్నారు. వంటావిడ పళ్ళేలు గలగలలాడించుకుంటూ తలుపు తీస్తే ముప్ఫై వేళ్ళు ముప్ఫై పెదాల మీదకి వెళ్ళాయి. ఆవిడ వెనకడుగు వేసుకుంటూ మాయమైంది. ఎండ గోడెక్కింది. ఎనిడ్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. తన ఐదుగురితో కూడా ఇంత మంచి నిశ్శబ్దం కుదిరి చాలా ఏళ్ళయింది.

గంట మోగితే టామ్సిన్ ఉలిక్కిపడి లేచింది. పిల్లలు గోలగా భోజనానికి పరుగెత్తారు. “ఎంతసేపు పడుకున్నాను?”

ఎనిడ్‌కి అబద్ధం రాదు. “ఇరవయ్యారు నిమిషాలు, టామ్సిన్ ఓరెల్.”

“అయ్యో! ముప్ఫై మంది పిల్లల్ని నా మీద వదిలి... నా ఉద్యోగం పోతుంది. రాయకండి, మీకు పుణ్యముంటుంది.”

ఫారం మూడు రోజులు వంటింటి బల్లమీద పడుంది. ‘మీరు ఏం చూశారు?’ చూసింది చూసినట్టు రాస్తే నలభై ఒకటో పేజీ నిలబడుతుంది. అంతకంటే మంచి రుజువు ఇరవయ్యేళ్ళలో దొరకలేదు. రాస్తే టామ్సిన్ మునుగుతుంది. ఇంకేదైనా అల్లి రాయడం ఎనిడ్ వల్ల కాదు. టీ పెట్టుకుంది, తాగడం మర్చిపోయింది. మూడో రోజు కింద సంతకం మాత్రం చేసి, గడి ఖాళీగా వదిలి పోస్టులో వేసింది. వేశాక ఏడ్చింది.

మార్చి మీటింగులో ఓగ్డెన్ ఆ ఫారం పైకెత్తి చూపించాడు. “ఏమీ రాయలేదు. అంటే చూడ్డానికి ఏమీ లేదన్నమాట. నలభై ఒకటో పేజీ తీసేస్తున్నాం. నాలుగో బల్లకి అభ్యంతరమా?”

ఎనిడ్ కళ్ళు మూసుకుంది. ఈసారి లోపల మాటేమీ కదల్లేదు. నిద్రపోతున్న మొహం ఒక్కటే కనిపించింది. కాగితం మీద ఓగ్డెన్ కలం ఆనిన చప్పుడు కూడా వినిపించింది.

“ఆగండి చైర్మన్ గారూ,” అన్నాడు యాకూబ్. “ఆమె ఊరుకోలేదు. వింటోంది.”

“ఎంతసేపు వింటారండీ?”

“బస్టాపులో ముసలమ్మ ఎక్కేదాకా నేను ఆగేవాణ్ణి కాదూ? అంతసేపు.”

ఎవరో నవ్వారు. తర్వాత టీచర్ల బల్ల దగ్గర కుర్చీ జరిగింది.

“నేను నిద్రపోయాను,” అంది టామ్సిన్. “పాఠంలో. ఆవిడ ఎదురుగానే. పిల్లలు నన్ను లేపలేదు. పది నిమిషాలయ్యాక కూడా గంట మోగేదాకా అలాగే కూర్చున్నారు. నా తరగతి అండీ! రెండు నిమిషాలు నోరు మూసుకోమంటే మూసుకోని పిల్లలు. ఆవిడ ఆ ఒక్కమాట రాసి ఉంటే పేజీ ఉండేది. నాకోసం రాయలేదు.”

ఓగ్డెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇది... మినిట్స్‌లో రాయమంటారా?”

“రాయండి,” అంది టామ్సిన్. “మా బల్ల పేజీ ఉంచమంటోంది.”

“మరి ఆ గడి? పిల్లలు నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది?”

“ఖాళీగానే ఉంచండి.”

“అచ్చువాళ్ళు పొరపాటనుకుంటారమ్మా.”

“పొరపాటు కాదని పక్కన రాయండి,” అన్నాడు యాకూబ్.

ఓగ్డెన్ రాసుకున్నాడు. ఆనవాయితీ ప్రకారం చివరిసారిగా ఒక్కో బల్లనీ అడిగాడు. మూడు బల్లలూ సరేనన్నాయి. నాలుగో బల్ల దగ్గరికి వచ్చి, “అభ్యంతరమా?” అని ఎనిడ్ వైపు చూశాడు.

ఎనిడ్ కళ్ళు మూసుకునే ఉంది. నాలుగు దాటింది. చర్చి బల్ల దగ్గర ఎవరో బిస్కెట్టు కొరకబోయి మానుకున్నారు. పదకొండేళ్ళుగా ఏ మీటింగునీ సాగనివ్వని క్లిఫర్డ్ ఓగ్డెన్ చేతి గడియారం విప్పి బల్లమీద బోర్లా పెట్టి, కలం పక్కన పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఎనిడ్ కళ్ళు తెరిచేసరికి అందరూ ఇంకా నలభై ఒకటో పేజీ దగ్గరే ఉన్నారు.