తెలిసీ తెలియదన్నాను

రెండేళ్లపాటు మోకాళ్ల నొప్పులని చెప్పి గడప దాటడం మానేశాను. నా మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి. అసలు బాధ వేరు. దొడ్డికి వస్తోందని తెలిసేది గానీ ఆపుకోలేకపోయేదాన్ని. బాత్రూమ్ చేరేలోపే బట్టలు పాడయ్యేవి.

తెల్లారకముందే లేచి నా బట్టలు నేనే ఉతుక్కునేదాన్ని. నాకు శుభ్రం పిచ్చి పట్టిందనుకుంది కోడలు. ఒకరోజు నాకంటే ముందే లేచి, బకెట్ దగ్గర నన్ను పట్టేసింది. ఒక్క మాట అడగలేదు. ఆ వారంలోనే ఆసుపత్రిలో పేరు రాయించింది.

పరీక్ష చేసేది మగవాడని అక్కడికి వెళ్లేదాకా తెలియదు. నా కొడుకు వయసుంటుంది. పక్కన నర్సు ఉంది.

"ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకోండి పెద్దమ్మా. పెన్సిలంత గొట్టం, చివర చిన్న బుడగ. అంతే. లోపలి కండరం ఎంత గట్టిగా నొక్కుతోందో ఈ తెర మీద అంకెల్లో కనిపిస్తుంది."

బిగించమన్నాడు, బిగించాను. వదలమన్నాడు. పరాయి మగవాడి ముందు ఎలా వదలను?

"మీరు వదల్లేదు పెద్దమ్మా. తెర నాకు చాడీలు చెప్పేస్తోంది," అని నవ్వాడు.

తర్వాత సిరంజితో బుడగలోకి గాలి పంపడం మొదలుపెట్టాడు. "ఏదో ఉన్నట్టు అనిపించగానే చెప్పండి. వెళ్లాలనిపిస్తే చెప్పండి. ఇక ఆగదనిపిస్తే అదీ చెప్పండి."

పరదాకు అవతల కుర్చీలో కోడలు కూర్చుని ఉంది. ఆమె గాజులు కదిలినా వినిపిస్తోంది. సిరంజి మీది అంకె చూసి అతను ఇరవై అన్నప్పుడే నాకు తెలిసింది. నోరు పెగల్లేదు.

"ముప్ఫై. తెలిసిందా?"

"లేదు బాబూ."

"అరవై?"

"లేదు."

వంద దాటేసరికి ఒళ్లంతా చెమటలు. మంచం కడ్డీ పట్టుకుని పళ్లు బిగించాను. నూట యాభై దగ్గర అతనే ఆపేసి, గాలి తీసేశాడు. గట్టెక్కాననుకున్నాను.

వారం తర్వాత డాక్టరమ్మ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "పట్టు సడలింది. అది కసరత్తుతో కొంత బాగుపడేదే. కానీ లోపలికి వచ్చింది మీకు తెలియడమే లేదట. తెలియనివాళ్లకు ఆ కసరత్తు నేర్పలేం. పొట్ట పక్కగా మలానికి దారి చేసి సంచి తగిలించడమే మార్గం కావచ్చు. ఇది ఎవరిచేతనైనా చదివించుకుని సంతకం చేయండి."

"నేనే చదువుకుంటానండీ," అన్నాను.

మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, పక్కింటి టీచరు దగ్గర దిద్దుకున్న అక్షరాలు నావి. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. 'స్పర్శ లేదని రోగి తెలిపారు.' అక్కడ వేలు ఆగిపోయింది. వేలిముద్ర వేసే రోజుల్లో అయితే కాగితంలో ఏముందో ఎవరు చూశారు, ముద్ర వేసి వచ్చేసేదాన్ని. ఇప్పుడు ఆ అబద్ధం కింద నా పేరు నా చేత్తో రాయాలి.

"తెలిసిందమ్మా," అన్నాను నేల చూస్తూ. "మొదటినుంచీ తెలుస్తూనే ఉంది."

"మరి లేదన్నారేం?"

"అందరూ వింటారని."

"అందరూ అంటే నేనేగా అత్తయ్యా!" పక్క కుర్చీలోని కోడలు నా వైపు తిరిగింది. "కడుపు కోయించుకుంటారు గానీ నాకు వినపడేలా ఒక్క మాట అనరన్నమాట."

ఆమె పురుడు పోసుకున్న కొత్తలో, ఒకరోజు లేవలేక పక్క తడిపేసింది. పిల్లను చూడ్డానికి వచ్చిన బంధువులందరి ముందూ ఆ సంగతి చెప్పి నవ్వింది నేనే. "మాకు ఇద్దరు పసిపిల్లలు," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నా బకెట్ సంగతి మాత్రం ఆమె ఇంతవరకూ నా కొడుక్కి కూడా చెప్పలేదు.

పరీక్ష మళ్లీ చేయమని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. పరీక్ష గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు అన్నాను, "నువ్వు బాలింతగా ఉన్నప్పుడు నేను అలా నవ్వకుండా ఉండాల్సింది."

"ఆరోజు నవ్వినవాళ్లలో మీ ఆడపడుచు ఇప్పటికీ నన్ను 'పసిపిల్ల' అనే పిలుస్తుంది," అంది కోడలు. "లేవండి, మన నంబరు పిలుస్తున్నారు."

లోపల మళ్లీ అదే మంచం, అదే గొట్టం. ఆమె వెళ్లి పరదా అవతల కూర్చుంది.

"ఇరవై," అన్నాడు అతను.

"తెలిసింది."

"వినపడలేదు పెద్దమ్మా."

"తెలిసిందయ్యా!" అని అరిచాను. నా ముఖం భగ్గున మండింది. అరవై దగ్గర వెళ్లాలనిపిస్తోందన్నాను. తొంభై దగ్గర, "చాలు బాబూ, ఇక ఆగదు, వచ్చేస్తోంది," అన్నాను. వరండాలో కూర్చున్నవాళ్లకు కూడా వినపడే ఉంటుంది.

గొట్టం తీయగానే దుప్పటి చుట్టుకుని దిగాను. కోడలు అప్పటికే లేచి, బాత్రూమ్ తలుపు తీసి పట్టుకుని ఉంది. నేను లోపలికి వెళ్లేదాకా నా ముఖం చూడకుండా తల పక్కకు తిప్పుకుంది.