తొలిజుట్టు కత్తిరించిన చేయి

ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నేను, పొయ్యి పక్కన కూరకని పెంచే పదకొండు గినీ పందులు. చెల్లి నిల్దా లేదు. దానికి పదేళ్లు. చదివిస్తానని రెండేళ్ల క్రితం ఒర్ఫెలిందా దాన్ని బడిసంచితో సహా బాంబామార్కా పట్నానికి తీసుకెళ్లింది. మా కొండల్లో బిడ్డకు తొలిజుట్టు కత్తిరించిన మనిషి రెండో తల్లితో సమానం. నిల్దాకు కత్తిరించింది ఆమే. ఒక గొర్రెపిల్లను కానుకగా కూడా ఇచ్చింది. అలాంటి మనిషిని ఎవరూ ప్రశ్నించరు.

బంగాళాదుంపల చెక్కు తీస్తూ, గురువారం చూసింది నాన్నకు మళ్లీ చెప్పాను. సంతకు వెళ్లినప్పుడు ఒర్ఫెలిందా హోటల్ పెరట్లో నిల్దా గిన్నెలు తోముతోంది. బడి మొహమే చూడలేదట. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిన మచ్చ. "చొక్కా మాడ్చేశానక్కా, అందుకే" అంది, తప్పంతా తనదే అన్నట్టు.

"తొలిజుట్టుతో వదిన వరసైన మనిషిని నిలదీస్తే మన పరువేం కావాలి?" అన్నాడు నాన్న. "పెద్దోళ్ల సంగతులు నీకెందుకు? దుంపలు చూడు."

అమ్మ కూడా ఎనిమిదేళ్లకే ఒకరింట్లో గిన్నెలు తోమింది. ఎవరైనా అడిగితే "పని నేర్చుకున్నా" అంటుంది. నాన్న తిన్నాక మిగిలింది మేమిద్దరం తింటుంటే, నిల్దా కూడా ఒకనాడు ఆ మాటే అంటుంది కదా అనిపించింది.

మధ్యాహ్నం రోందా సభ. పశువుల దొంగల్ని పట్టేదీ, ఊరి తగవులు తీర్చేదీ ఆ కాపలా దళమే. ఫిర్యాదు ఉన్నవాళ్లు అందరి ముందూ నిలబడి తమ నోటితో చెప్పాలి. బడిలో హాజరు పలకడానికే వణికే దాన్ని, లేచి నిలబడ్డాను. గొంతు పెగల్లేదు.

"మూగనోము పట్టినట్టుందిరోయ్!" అన్నాడు ముందు వరసలో కూర్చున్న హెలాసియో. మగవాళ్లు నవ్వారు.

"నీ ఆవు పోయిన్నాడు నువ్వు బావురుమన్నావు. మేం నవ్వామా?" అంది ఆడవాళ్ల దళం పెద్ద, ఎస్కొలాస్తికా పెద్దమ్మ. తర్వాత నాతో, "వాళ్లని చూడకమ్మా. నన్ను చూసి చెప్పు."

ఆమెను చూసే చెప్పాను. మచ్చ దగ్గరికొచ్చేసరికి మళ్లీ మాట ఆగిపోయింది. అప్పుడు వెనక అమ్మ లేచింది.

"నన్నూ కాల్చారు," అంది. "వీపు మీద. పని నేర్పడం కాదది."

ఎవరూ నవ్వలేదు.

"తొలిజుట్టు కత్తిరించిన చేయి బిడ్డను కాయాలి. కాల్చిందంటే ఆ చుట్టరికం చెల్లదు. ఒప్పుకునేవాళ్లు టోపీలెత్తండి!" అంది పెద్దమ్మ. టోపీలన్నీ లేచాయి. అందరికంటే ఆలస్యంగా నాన్నదీ లేచింది.

మర్నాడు ముప్పైమంది ఆడవాళ్లం పట్నం దిగాం. ముందు, తిరిగిచ్చేయాల్సిన ఆ కానుక గొర్రె. ఇప్పుడది ముసలిది. నడవనని మొరాయిస్తే పెద్దమ్మ భుజాన వేసుకుంది. పిల్లల కేసులు చూసే ప్రాసిక్యూటరమ్మ మా ఫిర్యాదు రాసుకుని మాతోపాటు నడిచింది.

ఒర్ఫెలిందా గుమ్మంలోకి వచ్చింది. "కడుపునిండా పెట్టానే, విశ్వాసం లేని మనుషులు!"

"నీ గొర్రె ఇదిగో తల్లీ. ఇది కూడా బాగానే మేసింది. దీనికి వాతలు పెట్టలేదు మేం," అంది పెద్దమ్మ. వీధంతా నవ్వింది.

"మిగతాది కోర్టులో చెప్పుకుందురు గాని," అంది ప్రాసిక్యూటరమ్మ. "ముందు పిల్లని పిలవండి."

నిల్దా తడి చేతులతో బయటికొచ్చింది. కాలని చేతిని పట్టుకున్నాను.

ఒర్ఫెలిందా నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా, ఆ నోరులేని పిల్లవి?"

"నేనే," అన్నాను. వీధి చివరికి వినపడేలా అన్నాను. "దాని బడిసంచి కూడా ఇవ్వండి."

సంచి నా కాళ్ల మీద పడింది. తలుపు నా మొహం మీదే ధడాలున మూసుకుంది. నిల్దా ఇవతల ఉంది.