కాదని రాసివ్వండి

ఇలా దగ్గరికి జరగండి, పొయ్యి పక్కన ఇంకా చోటుంది. మన నారిన్ యూనివర్సిటీలో ఎంతెంత గొప్పవాళ్ళున్నారో చెబుతాను, వినండి.

మన తుర్గున్‌బాయ్ కూతురు సైకల్ అక్కడ పశువైద్యం చదువుతోంది. ఫీజు ప్రభుత్వం కట్టే సీటు. ఒక్క పరీక్ష తప్పినా సీటు పోతుంది, పిల్ల కొండ మీదికి తిరిగి రావలసిందే. అలా రావడం గొర్రెలకు తప్ప ఇంకెవరికీ ఇష్టం లేదు.

పరీక్ష రోజు పొద్దున్నే ఆఫీసు గుమాస్తా రహత్ ఆమెను ఆపింది. పరీక్షకు కూర్చోవాలంటే చూపించాల్సిన ఛాతీ ఎక్స్‌రే కాగితం లేదట.

"తీయించుకున్నానక్కా. ఇదిగో, మా ఊరి ఆసుపత్రిది."

"అది చెల్లదమ్మాయ్. మన యూనివర్సిటీ మిషన్ మీద తీసిందే కావాలి."

"మన మిషన్ అక్టోబరు నుంచీ పాడై ఉంది కదక్కా."

"అందుకే, పాడవకముందే తీయించుకోవాల్సింది."

ఇంత తెలివైన మాట విన్నాక ఎవరికి ఏడుపు రాదు? నలుగురిలో ఏడవడం ఇష్టంలేక సైకల్ నడవాలో ఉన్న పెద్ద రబ్బరు మొక్క చాటుకు వెళ్ళింది. అక్కడ గోడకు విద్యార్థుల హక్కులు అద్దం వెనక వేలాడుతున్నాయి. పైనుంచి తనిఖీ వచ్చిన రోజున మొక్కను పక్కకు జరుపుతారు. మిగతా రోజుల్లో హక్కులకు ఎండ తగలకుండా అదే కాపాడుతుంది. పిల్ల ఆకులు తప్పించి చదివింది. పరీక్షకు రానివ్వకపోతే కారణం రాసి, సంతకం పెట్టి, విద్యార్థి చేతికివ్వాలట. ఆ కాగితంతో పైవాళ్ళకు ఫిర్యాదు చేసుకోవచ్చట.

కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చింది.

"నన్ను రానివ్వడం లేదని రాసివ్వండక్కా."

రహత్ మొహం కాస్త పాలిపోయింది. "అట్లాంటివి నేను రాయను. డీన్ గారిని అడుగు."

డీన్ జుమాబెక్ టీ తాగుతున్నారు. "రా తల్లీ, కూర్చో," అంటూ ఆమెకో టీ గిన్నె అంచుదాకా నింపి ఇచ్చారు. ఉండమనే అతిథికి మనం సగమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నిండా పోశామంటే ఇక లేవమని. సైకల్‌కు ఆ మర్యాద తెలియక కాదు. ఊదుకుంటూ నిదానంగా తాగి, గిన్నె మళ్ళీ చాపింది.

"ఇంకొంచెం పోయండి సార్. నన్ను రానివ్వడం లేదని రాసి మీరు సంతకం పెట్టేదాకా ఉంటాను."

"సంతకం నాది కాదమ్మా, డాక్టరుది."

యూనివర్సిటీ డాక్టరును పిలిపించారు. "మిషన్ పాడైందని నా చేత్తో నేను రాసుకోవాలా? తర్వాత నాకు ఉద్యోగం ఎవరిస్తారు సార్, మీరా?" అని ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. డీన్ తన పై అధికారికి ఫోన్ చేస్తే, ఆ పెద్దమనిషి రాజధాని బిష్కెక్‌లో సమావేశంలో ఉన్నారన్నారు. ఆ భవనంలో చీపురు కావాలన్నా ముగ్గురు సంతకం పెడతారు. పిల్లను ఆపడానికి మాత్రం ఒక్కరి దగ్గరా పెన్ను లేదు.

పక్క గదిలో పేర్లు పిలవడం వినిపిస్తోంది. సైకల్ గిన్నె కింద పెట్టలేదు.

డీన్ గడియారం చూసి గొంతు సవరించుకున్నారు. "ఇంతకీ నిన్నెవరు ఆపారమ్మా?"

"రహత్ అక్క."

గుమ్మంలో నిలబడి వింటున్న రహత్ బుగ్గలు నొక్కుకుంది. "నేనా? పిల్ల ఆరోగ్యం ఎట్లా ఉందోనని ఊరికే అడిగానంతే."

"చూశావా? ఎవరూ ఆపలేదు. మరి ఇక్కడ కూర్చుని టీలు తాగుతావేంటి? ఈ కాలం పిల్లలకు పరీక్షంటే భయమే లేదు. పో, పో."

సైకల్ పరుగెత్తింది. అది నోటి పరీక్ష; ఏ చీటీ తీస్తే దాని మీదే చెప్పాలి. బల్ల మీద ప్రశ్నల చీటీ ఒక్కటే మిగిలి ఉంది, గుర్రం గిట్టల జబ్బుల గురించి. ఆ జబ్బులన్నీ తండ్రి గుర్రాలు పడ్డవే. మాస్టారు చాలమ్మా అనేదాకా చెప్పింది. సీటు నిలిచింది. ఆమెను ఎవరూ ఆపలేదు కాబట్టి ఎవరూ తప్పు చేయలేదు. యూనివర్సిటీ పరువూ నిలిచింది.

ఈ కథ గుర్తుంచుకుని మీ పిల్లలకు చెప్పండి. పేర్లు మరిచిపోతే మీకు నచ్చినవి పెట్టుకోండి. కాగితం లేదని ఎవరైనా వాళ్ళను ఆపితే, గొంతు పెంచకుండా, ఆ ముక్కే రాసివ్వమని అడగాలని మాత్రం తప్పకుండా చెప్పండి.