మాట్లాడితే పక్కన పెడతారు

సర్కారువారి భవనానికి రంగు వేస్తుంటే బాల్కనీ కూలి మేస్త్రి తుంటి విరిగింది. విచారణ జరిపిన అధికారులు కనిపెట్టిన కారణం ఒక్కటే: మేస్త్రి తాగి ఉన్నాడు. చుక్క ముట్టని మనిషి! బాల్కనీలో సిమెంటు లేకపోయినా నివేదికలో అబద్ధానికి లోటు లేదు.

కేసు నడిచి నడిచి చివరికి రాజీకొచ్చింది. పరిహారం ఇస్తామన్నారు, తప్పు తమదని మాత్రం ఒప్పుకునేది లేదన్నారు. పోనీ, ఆ డబ్బైనా చేతికొచ్చిందా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, శాసనసభ ఆమోదిస్తే తప్ప ఖజానా తలుపు తెరుచుకోదు. డబ్బొస్తేనే ఆపరేషన్. ఇంకా ఆలస్యమైతే తుంటి అలాగే బిగిసిపోతుందనీ, ఇక జన్మలో నడవలేడనీ డాక్టరు చెప్పేశాడు.

మేస్త్రికి మాత్రం డబ్బు కన్నా ఎమ్మెల్యే ఇచ్చిన మాట మీదే ఆశ. మేస్త్రి తాగలేదని నిండు సభలో లేచి చెబుతానని ఆయన మంచం పక్కన కూర్చుని మాటిచ్చాడు. ఆ రోజు నుంచే మేస్త్రికి మళ్లీ అన్నం సహించింది.

శాసనసభ సమావేశాల చివరి రోజు పొద్దున, అక్కడి పద్ధతేమిటో కేసు వాదించిన లాయరమ్మ మేస్త్రి భార్యకు చెప్పింది. ఇలాంటి రాజీలన్నీ ఒకే మూటగా కట్టి, చర్చ లేకుండా ఒక్క ఊపులో ఆమోదిస్తారట. ఏదైనా ఒకదాని గురించి ఎవరైనా నోరు విప్పితే, మంచికే విప్పినా సరే, దాన్ని మూటలోంచి తీసి వచ్చే సమావేశాల దాకా పక్కన పెడతారట. ఆమె పరుగున వెళ్లి ఎమ్మెల్యేను పట్టుకుంది. కొత్తగా గెలిచినవాడు, ఆ సంగతి ఆయనకూ తెలియదు. పాపం, తల పట్టుకున్నాడు.

"మాటిచ్చింది ఆయనకమ్మా. వద్దని ఆయన్నే చెప్పమను," అన్నాడు.

ఎలా చెబుతుంది? సభ పైనున్న సందర్శకుల గ్యాలరీలో భర్త పక్కనే, అతని చంకకర్రలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మనిషేమో కొత్త చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా మెరిసిపోతూ మెడ సాచి చూస్తున్నాడు. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోతోంది. కింద స్పీకర్ ఆ మూట ఎత్తుకోగానే ఎమ్మెల్యే సగం లేచి, గ్యాలరీ వైపు చూశాడు. ఆమె ఇక ఆగలేక, భర్త చెవిలో ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

మేస్త్రి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె వైపు చూడలేదు. మెల్లగా చెయ్యెత్తి, కూర్చోమని ఎమ్మెల్యేకు సైగ చేశాడు.

ఎమ్మెల్యే కూర్చున్నాడు. మూట ఆమోదం పొందింది. ఎవరి పేరూ ఎవరూ పలకలేదు. ఆ వెంటనే సభ్యుల ప్రయాణ భత్యాల మీద మాత్రం బోలెడు చర్చ జరిగింది.

ఆమె చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. తన భర్త పరువు తన చేతులతోనే అమ్మేసినట్టుంది ఆమెకు.

"ఊరుకోవే," అన్నాడు మేస్త్రి. "తాగుబోతనే అనుకోనీ. ఆపరేషనయ్యాక వాళ్ల ముందు నుంచే తూలకుండా నడిచెళ్తా."