మూలలకు సుశీల మన్ను

కె.ఆర్.పురంలో రామాంజినప్ప నర్సరీలో పొద్దున్నే మన్ను కలపబోయేవాళ్లను ఆయన ఒక్క మాట అడిగేవాడు.

"కడుపులో ఏమన్నా పెట్టుకోని వచ్చినావా తల్లీ?"

ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లకు ఆ రోజు మొక్కలకు నీళ్లు పట్టే పని. కలిపేవాళ్ల కడుపులో బరువు మన్నులోకి దిగుతుందని అక్కడ అందరికీ తెలిసిందే. పన్నెండేళ్లుగా సుశీల "ఏమీ లేదన్నా" అనేది. ప్రమీల పనిలో చేరేదాకా అది నిజమే.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక పాత క్లినిక్ మిద్దె మీద నాలుగు వేళ్ల మందాన మన్ను పరిచి పచ్చగా చెయ్యాలి. మొక్కలతో సహా తడిశాక మూరెడు పొడవు, వెడల్పు ఉన్న మన్ను ట్రే పదిహేను కిలోలు దాటితే స్లాబు మొయ్యదని ఇంజనీరు చెప్పాడు. ఎవరి ట్రే ఆ లెక్కకు నెగ్గితే వాళ్లే ఆ మిద్దెకు మేస్త్రీ అన్నాడు రామాంజినప్ప. సుశీలకు ఆ పని కావాలి. నిన్నగాక మొన్న వచ్చిన ప్రమీలను అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ప్రమీల పెంకు ముక్కలు ఆరు పాళ్లు, కొబ్బరి పొట్టు మూడు, ఎరువు ఒకటి కలిపింది. ఎండకు తట్టుకునే గడ్డి గులాబీలు, మందపాటి ఆకుల సీడమ్ మొక్కలు నాటింది. సుశీల ఓరకంట చూసి, కొలత తప్పకుండా అవే కలిపి అవే నాటింది. బాగా తడిపి కాటా మీద పెట్టారు. ప్రమీలది పదకొండు కిలోలు. సుశీలది ఇరవై రెండు.

"మళ్లా కలుపు తల్లీ," అన్నాడు రామాంజినప్ప, ఆమె ముఖం చూడకుండా.

ఈసారి ఇరవై ఆరు.

"అయ్యో అక్కా!" అని ప్రమీల జాలిపడింది. ఆ జాలికి సుశీలకు ఇంకా మండింది. మేస్త్రీ పని ప్రమీలకే పోయింది. దాని తోట గాలికి ఎగిరిపోను అని సుశీల మనసారా తిట్టుకుంది.

ప్రమీల మిద్దె మీద మన్ను పరిచి మొక్కలు నాటిన వారం తిరక్కుండానే వాన ముందు గాలి లేచింది. ఇంకా వేళ్లు పట్టని ఆ తేలిక మన్ను నాలుగు మూలల దగ్గర దుప్పటిలా పైకి లేచి, వీధిలో కార్ల మీద పడింది. ప్రమీల ఏడుస్తూ నర్సరీకి వచ్చింది.

"అక్కా, మూలల కింద గోడలుండాయి. ఆడ ఎంత బరువైనా మోస్తాదంట. మూలలకు నీ మన్నే కావల్ల. ఇంకెవురు కలిపినా అంత బరువు రాదు."

"ఇప్పుడు కనబడ్డానా నేను?" అంటూనే సుశీల మన్ను ముందు కూర్చుంది.

బరువు తగ్గకూడదని ప్రమీల ఎదురుగా కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ గొప్పలు మొదలుపెట్టింది. "డాక్టరమ్మ నాకు కుర్చీ ఏసి టీ ఇచ్చిందక్కా. అన్న నా పేరు బోర్డు మీద రాయిస్తానన్నాడు."

సుశీల పళ్లు కొరుకుతూ కలిపింది. ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ముప్పై. ఇంకొక్క ట్రే మిగిలింది.

"గొప్పలు అయిపోయినాయక్కా," అంది ప్రమీల బిక్కమొహం వేసుకుని.

సుశీలకు నవ్వాగలేదు. నవ్వుతూనే కలిపి, నాటి, తడిపి కాటా మీద పెట్టింది. పది.

రామాంజినప్ప కాటా ముల్లు వైపు రెండుసార్లు చూశాడు. "రేపట్నుంచి నువ్వూ మేస్త్రీగా మిద్దెకే పో తల్లీ," అన్నాడు.

"ఇది మూలకు పనికిరాదు కదన్నా," అంది సుశీల, పాడుచేశానేమోనని భయపడుతూ.

ప్రమీల అప్పటికే ట్రేకి ఒక పక్క పట్టుకుంది. "మూలకేంటికి? నడిమధ్యలో ఏద్దాం. ఆ పక్క పట్టుకో అక్కా."